పటంలో లేని లువేనా

దిల్‌సుఖ్‌నగర్,
గురువారం, మధ్యాహ్నం.

ప్రియమైన సాయిప్రియకు,

పరీక్ష అయ్యేదాకా నీ ఫోన్‌ను మీ అమ్మ అరుణమ్మ గారు బీరువాలో ఖైదు చేశారు గనుక, స్టడీహాల్లో నీ కుర్చీ మీద ఈ ఉత్తరం పెట్టి పారిపోతున్నాను. ఆదివారం నువ్వు గ్రూప్స్ రాసేలోగా ఒక రాజ్యాంగ సంక్షోభాన్ని నీ దృష్టికి తీసుకురావాలి.

లువేనా సమాఖ్య గణతంత్రం అనే దేశం లేదు.

మన కోచింగ్ మెటీరియల్లో ప్రపంచ దేశాల పరిచయాలు రాసేది నేనే కదా. చివర్లో ఒక పేజీ ఖాళీ మిగిలింది. "ఏదో ఒక దేశం వేసెయ్యవయ్యా, ప్రెస్సువాళ్లు కూర్చున్నారు" అన్నారు మన డైరెక్టర్ చక్రపాణి సార్. కిటికీ అవతల మెట్రో రైలు ఎండలో మెరుస్తూ ఎల్బీనగర్ వైపు పోతోంది. అది చివరి స్టేషన్లో ఆగకుండా ఇంకా ముందుకు పోతే ఏమొస్తుందో అనుకున్నాను. లువేనా వచ్చింది.

ఐదు రాష్ట్రాలు, నడుమ ఒక సరస్సు. రాజధాని కోసం ముప్పై ఏళ్లు కొట్టుకుని, చివరికి పార్లమెంటును పడవల మీద కట్టుకున్నారు. గాలి ఎటు వీస్తే ఆ నెల రాజధాని అటు. రెండో తిరుగుబాటులో ఫిరంగులతో వచ్చిన సైన్యాధిపతి పొగమంచులో దారి తప్పి, దారి చూపిన చేపలమ్మే ఆవిడ ఇంట్లోనే స్థిరపడ్డాడు. ఇదంతా నవ్వుకోవడానికే రాశాను. వాళ్ల రాజ్యాంగంలో ఆరో అధికరణం మాత్రం కాదు: "ఓడిపోయిన పౌరుణ్ణి, ఇప్పుడేం చేస్తావని ఏడాదిపాటు ఎవరూ అడగరాదు."

మొన్న నువ్వు మెట్ల మీద ఆపి, "శ్రీకర్, గా లువేనల రెండో తిరుగుబాటు ఏ సాల్ల అయింది? జర చెప్పు, పరేషాన్ అయితున్న" అంటే నోటికొచ్చిన సంవత్సరమొకటి చెప్పి తప్పించుకున్నాను.

ఒక అబద్ధం ఒప్పుకున్నాక రెండోది దాచడం మర్యాద కాదు. ఈసారి పరీక్షకు నేను దరఖాస్తే చేయలేదు. మూడుసార్లు తప్పాను; నాలుగోసారి ఫారం ముందు కూర్చుంటే చెయ్యి కదల్లేదు. మన్సూరాబాద్‌లో మా అమ్మ మాత్రం, "సెంటర్ ఎక్కడ పడిందిరా? ఎండగా ఉంటుంది, టోపీ పెట్టుకెళ్లు" అంటోంది. ఆదివారం నీతోపాటు బయలుదేరి, రాసొచ్చానని చెబుదామనుకున్నాను.

ఆ పేజీ చింపెయ్. క్షమించు.

లేని దేశానికి ద్రోహి,
శ్రీకర్

తుర్కయంజాల్,
శుక్రవారం, పొద్దున.

శ్రీకర్‌కు,

లువేనా లేదని నాకు మొదటి వారమే తెలుసు. మా బాపు పటం మీద భూతద్దం పెట్టి వెతికి, "బిడ్డా, గిది యాడ లేదు. ఎవడో పోరడు నకరాలు చేసిండు" అన్నాడు. అయినా చదివాను. మిగతా పేజీలన్నీ భయపెట్టేవి. అది తెరిస్తే పడవలో పడుకున్నట్టుండేది. నువ్వు ఒప్పుకుంటావేమోనని సాలు అడిగితే, "పందొమ్మిది వందల అరవై రెండు" అని ముఖం గంభీరంగా పెట్టి చెప్పి పోయావు!

పేజీ చింపను. కానీ ఆరో అధికరణం తప్పు. అడగొద్దని జనానికి చెప్పాలంటే, ముందు ఓడిపోయానని వాళ్లకు చెప్పాలి కదా? మీ అమ్మకు నువ్వు ఆ అవకాశమే ఇవ్వలేదు.

ఆదివారం నాతో రాకు. భయంగానే ఉంది, కానీ ఒక్కదాన్నే పోతాను. నేను లోపల కూర్చున్నంతసేపు నువ్వు ఇంట్లో కూర్చుని ఆమెకు చెప్పు. నీ పరీక్ష అదే. ఇంటికి రాగానే అమ్మ దగ్గర ఫోన్ లాక్కుని మొదటి కాల్ చేస్తాను. నీకు కాదు, మీ అమ్మకు.

"ఆంటీ, నా పరీక్ష అయిపోయింది. మీ శ్రీకర్ ఎట్ల రాసిండు?"

లువేనా పౌరురాలు,
సాయిప్రియ