ముళ్లకంప అడ్డుపెట్టిన ఇళ్లు

1926, మార్గశిరం. సంత రోజు.

ఇంకా నవ్వు ఆగడం లేదు. ఖాళీ ఇళ్లు పడగొట్టి సంతవీధి వెడల్పు చేయాలని మా ఆఫీసు దొరగారి ప్లాను. వానాకాలంలో చూసి వచ్చి, వాకిట ముళ్లకంప అడ్డుపెట్టిన ఇళ్లన్నీ ఖాళీ అని చెప్పింది నేనే. ఇవాళ మేస్త్రితో వెళ్తే ఆ ఇళ్లన్నిటి మీదా పొయ్యి పొగ! వానలకు పోడు సేద్యానికి కొండెక్కిన జనమంతా కోతలు ముగించుకుని దిగి వచ్చేశారు.

"కంప అడ్డెట్టినామంటే మళ్లీ వత్తామనే గదా బాబూ! కాళీ అని ఎవులు సెప్పినారు?" అంది మొదటి ఇంటి సోములమ్మ, కొత్త సామల అన్నం వడ్డిస్తూ.

"నేనే" అన్నాను. వాకిలంతా గొల్లున నవ్వింది.

దొరగారు ఏమంటారో... ఏమన్నా సరే, రేపు ఆయన్ని అక్కడికే తీసుకెళ్తాను. వీధి ఎటు పోవాలో ఆ పొగ చూసి గీసుకోమంటాను.