ప్రశ్న దిగివచ్చిన దారి

ఎమ్మిగనూరు, 2–8–1955

ప్రియమైన దేవేంద్రప్పా,

ఓట్లప్పుడు మా పేటలో జొన్నరొట్టె తిని పోయిన ఎమ్మెల్యేవు, మళ్లీ కనబడలేదు. ఆ తగవు తర్వాత చూసుకుందాం. మొన్న తాసిల్దారు క్యాంపుకు వచ్చి, మా తమ్ముడు మాదన్నను తన మంచం పక్క ఊరికి మోయమన్నాడు. "సొరాజ్జెం వచ్చింది గదా సారూ, ఇంకా వెట్టేంది? నేను మొయ్యను" అన్నాడు వీడు. తాసిల్దారు వాణ్ని బంట్రోతుల చేత పట్టించి కొట్టించాడు. కుడి చెయ్యి విరిగింది. చూసినవాళ్లు నలభై మంది. అర్జీ మీద వేలిముద్ర వేసింది మాత్రం మా పక్కింటి ముసలి తిమ్మక్క ఒక్కతే. కలెక్టరుకు పంపితే విచారణకు మళ్లీ తాసిల్దారు దగ్గరికే వస్తుందట. ఏం చేయమంటావు?

నీ ఇశ్రాయేలు

కర్నూలు, 10–8–1955

ప్రియమైన ఇశ్రాయేలూ,

కలెక్టరును వదిలెయ్. శాసనసభలో ప్రశ్న వేస్తున్నాను. ఆదోని బళ్లో మన లెక్కల అయ్యవారు బెత్తం పట్టుకుని లేపి అడిగేవాడు చూడు, మా ముందు మంత్రుల గతి అదే. అడిగేది మేము, లేచి చెప్పుకోవలసింది వాళ్లు. తిమ్మక్క వేలిముద్ర ఉన్న అసలు అర్జీయే పంపు, ప్రశ్నకు జత చేస్తాను. నకలైతే ఎవడూ లెక్క చేయడు.

ఈసారి రొట్టెలోకి గురెళ్ల కారం కూడా చేయించు.

నీ దేవేంద్రప్ప

ఎమ్మిగనూరు, 9–9–1955

ప్రియమైన దేవేంద్రప్పా,

నీ ప్రశ్న మంత్రి నుంచి సెక్రటరీకి, అక్కణ్నుంచి కలెక్టరుకు, చివరికి తాసిల్దారుకే వచ్చింది, జవాబు రాసి పంపమని. అర్జీ కూడా జతగానే వచ్చింది. బుద్ధి లేక నా చేత్తో నేనే పంపాను. తాసిల్దారు తిమ్మక్కను పిలిపించి, 'నేనేమీ చూడలేదు' అన్న కాగితం మీద ఆ వేలితోనే ముద్ర వేయించాడు. మరునాడు పోరంబోకులో ఉందని ఆమె గుడిసె పీకించాడు. "యాడికి పోవాల నాయనా?" అని నన్నడిగింది.

దొంగ అర్జీ కేసు పెట్టి మాదన్నను సబ్‌జైల్లో వేశారు. చెయ్యి చీము పట్టింది. సభలో మంత్రి 'అలాంటిదేమీ జరగలేదు' అని చదవగానే నువ్వు లేచి ఒక్క మాట అడుగు: ఈ జవాబు రాసింది ఎవరు అని. అప్పుడైనా భయపడి వాణ్ని ఆసుపత్రికి తీసుకుపోతారు. లేకపోతే బతకడు.

నీ ఇశ్రాయేలు

కర్నూలు, 3–10–1955

ప్రియమైన ఇశ్రాయేలు మాస్టారికి,

మాదన్న పోయాడని విని చాలా బాధపడ్డాను. ప్రశ్న వచ్చిన రోజు నేను లేవలేదు. నన్ను ఉపమంత్రిని చేస్తున్నామని ఆ ఉదయమే కబురు వచ్చింది. నా చోట ఉంటే నువ్వైనా లేచేవాడివి కాదు.

ఇప్పుడు ప్రతిపక్షం వాళ్లు మాదన్న చావు మీద ప్రశ్న వేశారు. జవాబు చెప్పవలసింది నేనే. తాసిల్దారు పంపిన జవాబు చిత్తు పొందికగా ఉంది. చెయ్యి చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడి విరిగిందట, చావు జ్వరం వల్లనట. అన్నగా నీ సంతకం ఒక్కటే తక్కువైంది. కాగితం పట్టుకుని రేపు తాసిల్దారే మీ బడికి వస్తాడు. నీది బోర్డు బడి ఉద్యోగం, ఇంట్లో నలుగురు పిల్లలు. పిల్లల ముందు కేకలు వేయకు.

సంతకం కాస్త గుండ్రంగా పెట్టు. మన బళ్లో నీ దస్తూరీయే అందరికన్నా బాగుండేది.

నీ దేవేంద్రప్ప