సెడ్రిక్ పోయిన వారం

ప్రియమైన మ్యూరియెల్‌కు,

ఊరంతా నన్ను పూడ్చిపెట్టి ఇంటికెళ్లిపోయింది గానీ, నేనిక్కడ క్షేమం. వేళకు తింటున్నాను, పడుకుంటున్నాను. ఆ దీవిలో నువ్వూ క్షేమంగానే ఉన్నావని తలుస్తాను. అక్కడ గాలి మరీ ఎక్కువగా ఉందని రాశావు. ఇక్కడా గాలి దుమారంగానే ఉంది. ఎందుకో కింద చదువు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెప్పేస్తాను, లేకపోతే కోపంలో మరిచిపోతాను. పిల్లి చెవి మానింది. డాలియా దుంపలు తవ్వి, ఇసుక పెట్టెలో పెట్టి, కొట్టంలో దాచాను. వంటింటి కుళాయి ఇప్పుడు కారడం లేదు. మీ అక్క రెండుసార్లు ఫోన్ చేసి రెండుసార్లూ తన మోకాళ్ల గురించే చెప్పింది. లండన్ నుంచి నీ పుస్తకాలు వేసే కంపెనీ కుర్రాడు ఫోన్ చేసి, "కొత్త పుస్తకం ఎలా ఉంది సార్?" అని మహా మెల్లగా అడిగాడు. నాకేం తెలుసు నాయనా, ఆవిడనే అడుగు అన్నాను. వాడు "అయ్యో" అని పెట్టేశాడు. ఆ అయ్యో ఎందుకో ఆ పూట నాకు అర్థం కాలేదు.

మర్నాడు సాసేజీల కోసం హొరేస్ కొట్టుకి వెళ్లాను. చర్చిలో గంటలు కొట్టే మా ఆరుగురికీ పెద్ద తనే కదా, మాంసం కొట్టే చోట కూడా నా మీద పెత్తనం చేస్తాడు. నన్ను చూడగానే టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"ఎంత పనైపోయింది రోలండూ!"

"ఎవరికేమైందయ్యా?" అన్నాను కంగారుగా.

"పోయినోణ్ని అనకూడదు గానీ, ఆ గ్లాసు ఎవరిదో చూసుకోవద్దూ? ఆవిడ కోసం ఎవడో విషం కలిపి పెడితే నువ్వు గటగటా తాగేస్తావా?"

నా వెనక నిలబడ్డ మిసెస్ టప్లిన్ ముక్కు చీదుకుంది. "పాపం, దాహమేసిందేమో హొరేస్. మగాళ్లకి గ్లాసు కనబడితే ఆగుద్దా?" అని నా భుజం తట్టింది. "బాగా పోయారు లెండి రోలండ్ గారూ. ఎక్కువ బాధపడకుండా, రెండు పేజీల్లోనే."

అలా తెలిసింది నాకు, నువ్వు నన్ను చంపేశావని.

నీ హత్యల నవలల్లో ఇన్‌స్పెక్టరమ్మ మొగుడు సెడ్రిక్ అంటే నేనేనని పాలసీసాలు వేసే మనిషితో సహా ఊళ్లో అందరికీ తెలుసు. ఇరవై పుస్తకాల పాటు ఇన్‌స్పెక్టర్ హార్గేట్ వెనకాల నిలబడి పళ్లేలు తుడవడం, ఏదో ఒక తెలివితక్కువ మాట అనడం, ఆ మాట పట్టుకుని ఆవిడ హంతకుణ్ని పట్టేయడం. నా గురక రాశావు. మా నాన్న టోపీ రాశావు. సంతలో బాతు తరిమితే నేను బండెక్కి కూర్చున్నది రాశావు. నా హెర్నియా ఆపరేషన్ నార్వే వాళ్లు కూడా చదివారు. ఎప్పుడైనా నోరెత్తానా? రైల్వేలో సిగ్నళ్లు వేసుకునేవాడికి నీ పుణ్యమా అని పేరొచ్చిందిలే అని ఊరుకున్నాను. రోజూ అద్దంలో చూసుకునే మొహాన్ని మళ్లీ పుస్తకంలో కూడా ఎందుకని, నాలుగోదాని తర్వాత చదవడం మానేశాను. నేను చదవనని నీకు తెలుసు. అందుకే ఇంత ధైర్యం చేశావు. పుస్తకం అంగళ్లలోకి వచ్చే వారమే పెట్టె సర్దుకుని, ఫోను లేని చోటైతేనే రాయగలను అంటూ ఓడెక్కేశావు. తేలు కుట్టిన దొంగలా అక్కడ నక్కి, కుళాయి కారుతోందా అని ఉత్తరం రాస్తావా?

ఇక ఆ వారం నాకు జరిగిన మర్యాదలు విను. గుమ్మంలో పాలసీసా పక్కన ఎవరో ప్లమ్ బ్రెడ్ పెట్టి వెళ్లారు. ఎక్కడెక్కడి పాఠకులో నల్ల అంచు కార్డులు పంపారు, హార్గేట్ గారికి మా ప్రగాఢ సానుభూతి అని. సాయంత్రం పబ్బుకి పోతే మూల కుర్చీకి నల్ల రిబ్బను కట్టి ఉంది. అది ఎప్పుడూ నేను కూర్చునే కుర్చీ కాబట్టి కూర్చున్నాను. కొత్తగా పనిలో చేరిన పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది.

"లేవండి సార్, లేవండి! అది సెడ్రిక్ గారి కుర్చీ. ఆయన మీద గౌరవం కొద్దీ ఖాళీగా ఉంచాం."

బతికుండగానే గోరీ కట్టడం అంటారే, అది ఇదే. నిలబడి బీరు తాగి ఇంటికొచ్చాను. అప్పటికీ నాకు సగం కోపం, సగం నవ్వే. నా మాట నమ్ము, అక్కడితో ఆగి ఉంటే నీకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

శనివారం హొరేస్ ఇంటికే వచ్చాడు. ఆదివారం ప్రార్థనకు ముందు గంటలు చావు పద్ధతిలో కొట్టాలట. ఊళ్లో వాళ్లు అడిగారట, చర్చి పాదిరీ, రెక్టరు గారు సరేనన్నారట. ఆయనా నీ భక్తుడే కదా.

"నాలుగో గంట తాడు నీది. నువ్వు రాకపోతే వరస కుదరదు," అన్నాడు.

"నా చావుకి నన్నే గంట కొట్టమంటావా?"

"నీ చావేంటయ్యా? పోయింది సెడ్రిక్. ఎందుకు మీదేసుకుంటావు?"

"కొట్టులో నన్నే కదా తిట్టావు, గ్లాసు చూసుకోలేదని?"

"అది వేరు, ఇది వేరు," అన్నాడు హొరేస్. పైగా, ఒక పక్క మోత అణిగేలా తోలు పట్టీలు గంట నాలుకలకు బిగించడానికి నన్నే నిచ్చెన ఎక్కించాడు. తనకు కళ్లు తిరుగుతాయట.

కొట్టాను మ్యూరియెల్. ఒక దెబ్బ నిండుగా, రెండో దెబ్బ నేల కింద నుంచి వచ్చినట్టు. మా అమ్మ పోయినప్పుడు ఈ చేతులతోనే అలా కొట్టాను. ఈసారి తాడు లాగుతుంటే సిగ్గేసింది. కింద ఒక బస్సు నిండా షెఫీల్డ్ నుంచి వచ్చిన పాఠకులు, ఫొటోలు తీసుకుంటూ.

మెట్లు దిగి బయటికి రాగానే వాళ్లలో ఒకావిడ నా రెండు చేతులూ పట్టేసుకుంది. పెద్దావిడే, మంచి మనిషే, ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు.

"మీరే కదండీ ఆయన? నా జన్మలో ఏ పుస్తకానికీ ఇంత ఏడవలేదండీ. చివర్లో ఇన్‌స్పెక్టరమ్మ తలుచుకుంటుంది చూడండి, వాళ్ల పాప పోయిన రోజు ఆయన అన్న మాట. ‘కిటికీ దగ్గర ఎండలోనే పట్టుకుని నిలబడ్డాను. దానికి చలి వెయ్యలేదు.’ అయ్యో, బస్సులో అందరం ఏడ్చాం. మా ఆయనైతే చచ్చినా అలాంటి మాట అనడండీ!"

ఆవిడ ఇంకా ఏదో అంటోంది. నేను చేతులు విడిపించుకుని, హొరేస్ పిలుస్తున్నా వినకుండా ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, బీరువాలోంచి పుస్తకం తీసి చివరి అధ్యాయం నిలబడే చదివాను. ఉంది. నేనన్నది అన్నట్టే ఉంది. ఆసుపత్రి కిటికీ ఉంది, ఆకుపచ్చ తెర ఉంది, నా మాట ఉంది. మన పాప ఐవీ పేరు మాత్రం మార్చి డైసీ అని పెట్టావు. ఎంత మర్యాద! ఎంత జాగ్రత్త!

ఎలా చేతులొచ్చాయే నీకు? గురక తీసుకో, టోపీ తీసుకో, నా పొట్ట మీద కుట్లు తీసుకుని ఊరూరా చూపించుకో. ఇది ఎలా తీశావు? మత్తు దిగి కళ్లు తెరిచి, పాప ఏది అని నువ్వు అడిగితే, నీ చెవిలో చెప్పిన మాట అది. ఆ తర్వాత ఇన్నేళ్లలో మనిద్దరం దాన్ని మళ్లీ పైకి తియ్యలేదు. నేను తియ్యనిది నువ్వు భరించలేవని. నువ్వు తియ్యనిది కూడా అందుకే అనుకున్నాను. దాన్ని భద్రంగా దాచి, అదనుకు వాడుకోవడానికని నాకేం తెలుసు?

నువ్వేమంటావో తెలుసు. బిడ్డ నాది కాదా రోలండ్, తొమ్మిది నెలలు మోసింది నేను కాదా అంటావు. నీదే. కాదన్నవాడు లేడు. కానీ ఆ మాట నాది. నీకిచ్చాను, నీకొక్కదానికే. ఇచ్చినదాన్ని బస్సుకెక్కించావు.

ఇంకొకటి విను. లేని మనిషి సెడ్రిక్‌కి గంటలు కొట్టారు. ఐవీకి కొట్టలేదు. బాప్తిస్మం కాని బిడ్డకి కుదరదని అప్పటి రెక్టరు అంటే, నేను మారు మాట్లాడకుండా ఇంటికొచ్చాను. ఆదివారం ఆ తాడు లాగుతూ నేను తలుచుకున్నది నీ సెడ్రిక్‌ని కాదు. ఇప్పుడు అందరూ నన్ను పట్టుకుని డైసీ, డైసీ అంటున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

నువ్వు ఇంటికొస్తావా, ఆ రాళ్ల మధ్యే ఉంటావా అని నేను అడగడం లేదు. నాకు తేలాల్సింది ఒక్కటే. ఇకమీదట నీ దగ్గర మనసు విప్పి మాట్లాడొచ్చా, లేక నా ఇంట్లో నేను నోరు కుట్టుకుని కూర్చోవాలా? పెళ్లాం ముందు దగ్గాలన్నా ఆలోచించుకునే బతుకు నాకొద్దు. వారం రోజులుగా దీని మీదే కొట్టుకుంటున్నాను. చివరికి ఒక సంగతి చెప్పి చూద్దామనుకున్నాను. నీ సెడ్రిక్‌కి తెలియనిది, నీకూ తెలియనిది.

ఐవీ కళ్లు తెరవకుండానే పోయిందని నీతో చెప్పాను. అది అబద్ధం.

నిన్ను మత్తులో ఉంచి నర్సు దాన్ని నా చేతికిచ్చినప్పుడు అది మెలకువగానే ఉంది. కళ్లు విప్పి చూసింది. నీ కళ్లే, అదే బూడిద రంగు. నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు. ఆ పిడికిట్లో ఎంత బలముందో చెప్తే నువ్వు నమ్మవు. నర్సు నా పక్కకి వచ్చి, "ఎక్కువసేపు ఉండదు నాయనా, ఏదైనా మాట్లాడుతూ ఉండు, గొంతు వింటుంది," అంది. ఏం మాట్లాడతాను? నాకు పాటలు రావు. ప్రార్థన మొదలుపెడితే మధ్యలో మరిచిపోయాను. అప్పుడు నువ్వు రాస్తున్నావే నీ మొదటి కథ, రోజూ వంటింట్లో నాకు చదివి వినిపించేదానివి, అది చెప్పాను. ఇది మీ అమ్మ రాసిన కథ అని చెప్పాను. అనగనగా ఒక ఊళ్లో హార్గేట్ అని ఒక పోలీసావిడ ఉందని మొదలుపెట్టాను. అది నా మొహంలోకే చూస్తూ విన్నది. పూర్తిగా చెప్పే వ్యవధి లేదని తెలుస్తూనే ఉంది కదా. అందుకని హంతకుడెవరో ముందే చెప్పేశాను.

నువ్వు నిద్రలో ఉండగా అది మెలకువగా ఉందని తెలిస్తే నిన్ను నువ్వు తినేస్తావని భయపడి దాచాను. ఇప్పుడు తిను, ఏడు, నన్ను తిట్టు. నీ కోపం నీకుంటుంది, నా కోపం నాకుంది, తగ్గలేదు, తగ్గుతుందని మాటివ్వను. కానీ నీ మొదటి కథ అందరికంటే ముందు విన్నదెవరో తెలియకుండా నువ్వు ఇంకో పుస్తకం రాయడం నాకిష్టం లేదు.

చదివాక ఈ కాగితాలు పొయ్యిలో పడెయ్. దీన్ని రాయకు మ్యూరియెల్. పేరు మార్చి కూడా రాయకు.

ఇట్లు,
ఐవీ వాళ్ల నాన్న,
రోలండ్