ఎండ తగలని చోటు

హవల్లీ, కువైట్, 20 ఆగస్టు 1990

మునీంద్ర బావకు నీ రమణి,

నేను బతికే ఉన్నాను, ముందు ఆ మాట విను. ఇరాక్ సైన్యం దిగి పద్దెనిమిది రోజులైంది. మా యజమానురాలు ఇంటి తాళాలు నా చేతిలో పెట్టి, పిల్లలతో సౌదీకి పారిపోయింది. ఉండాలో బయల్దేరాలో తెలియడం లేదు. తల పనిచేయడం లేదు బావా.

రేపు ఊరికి వెళ్తున్న మన రాయచోటి డ్రైవర్ నూర్ బాషా చేతికి ఈ జాబు, ఒక డబ్బా ఇస్తున్నాను. తడి ఇసుకలో విత్తనాలున్నాయి. మేడమీది కొరియా సారు ఎడారిలో పండిద్దామని తెప్పించుకున్నాడు, పిచ్చి మారాజు! తనే పారిపోతూ నాకిచ్చాడు. జిన్సెంగ్ అని మందుకు వాడే గడ్డట. చేతులూ కాళ్లూ ఉన్న చంటిబిడ్డలా ఉంటుందట. ఆరేళ్లకు తవ్వితే మంచి ధరట. చెట్లనీడ కావాలట, ఉత్తరం వాలు కావాలట. ఎండ తగలకూడదు, నీళ్లు నిలవకూడదు, పశువులు తొక్కకూడదు. మన కొండచేనులో అలాంటి చోటు వెతికి, తవ్వి చల్లెయ్. ఆ కొండకు ఉత్తరం ఏ పక్కో కూడా నాకు గుర్తు రావడం లేదు.

నీ రమణి


జోర్డాన్ శిబిరం, 14 సెప్టెంబరు 1990

బావా, తవ్వావా? తవ్వొద్దు!

బస్సు బాగ్దాద్ దాటాక గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట మన పాపను ఎక్కడ పెట్టావో నువ్వు రాశావు. కొండ వెనక చెట్లకింద, ఎండ తగలని చోట అన్నావు. నా వీసా చేతిలో పెట్టుకున్న కఫీల్ సెలవివ్వక నేను కడసారి చూపుకైనా రాలేకపోయాను. ఆ కోపం అతని మీద చూపలేక నీమీద పెట్టుకున్నాను, నన్నడగకుండా చోటు ఎంచావని. అందుకే మళ్లీ ఏ జాబులోనూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు అక్కడే తవ్వమని నా చేత్తో రాశానా? అది ఆ చోటో కాదో కూడా తెలియని తల్లిని.

గుడారంలో పక్కనున్న వెంకటేశ్వరితో చెప్పుకుని ఏడిస్తే, "ఎంత ఎర్రిదానివక్కా, యాడ పెట్టినాడో ఆయప్పకు తెలీదా?" అంది. నీకు తెలుసు. కానీ నా మాట కాదనలేక తవ్వుతావేమోనని భయం. రేపు విమానమెక్కుతున్న ఆమెకే ఈ జాబు ఇస్తున్నాను. నా వంతు ఇంకో పదిరోజులకట, బొంబాయిలో దింపుతారట.

రమణి


రాయచోటి, 22 సెప్టెంబరు 1990

రమణికి మునీంద్ర,

వెంకటేశ్వరి జాబు తెచ్చింది. నాకు హిందీ రాదు కదా, నిన్ను తీసుకురావడానికి నూర్ బాషానే బొంబాయి పంపుతూ ఇది ఆయన చేతికిస్తున్నాను.

అది రాకముందే నీ మొదటి జాబులోని గుర్తులు పట్టుకుని కొండంతా తిరిగాను. అన్నీ కుదిరేది ఒక్కటే చోటు. పార పక్కన పడేసి అక్కడే కూర్చుండిపోయాను. పాపను అక్కడ పెట్టిన పొద్దు నేనూ ఇవే చూసుకున్నాను రమణీ. పాపకు ఎండ తగలకూడదని, నీళ్లు నిలవకూడదని, పశువులు తొక్కకూడదని. నిన్నడగకపోయినా నువ్వు ఎంచేదే ఎంచానని నీ జాబు చదివాకే తెలిసింది.

ఒక్క పెళ్ల కదపలేదు. డబ్బాలో ఇసుక ఆరనివ్వడం లేదు. నువ్వు రా. ముందు పాపను చూద్దువు, విత్తనాల సంగతి తర్వాత.

మునీంద్ర