పోపుల డబ్బాలో టైరు మూతలు

ఆదివారం.

పొద్దున ఆటకు బయల్దేరితే, విసిరే డిస్కులు వేసుకుని లాక్కెళ్లే నా డిస్క్‌గోల్ఫ్ బండి టైర్లు రెండింట్లోనూ గాలి లేదు. వాల్వు మూతలూ లేవు. భానూర్ మైదానం నిండా పల్లేరుకాయలే, వాటి పనే అనుకున్నాను. ట్యూబులు ఊడదీసి, గాలి కొట్టి, మా ఆవిడ సరోజ బియ్యం కడిగే బేసిన్‌లో నీళ్లు పోసి ముంచాను. ఒక్క బుడగ రాలేదు.

"నా బేసిన్ల ముంచుతున్నవా?" అని వరండాలోంచి అరిచింది కానీ, లేచి రాలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

టైరు అంచుకు వేలు గీరుకుంటే, పసుపు కోసం పోపుల డబ్బా తెరిచాను. ఆవాల మీద రెండు వాల్వు మూతలు!

నిన్న మైదానంలో, గొలుసుల బుట్టలోకి డిస్క్ విసరబోయి ఆయాసంతో కూలబడ్డాను. చెట్టు కింద కూర్చున్న సరోజ చూడలేదనే అనుకున్నాను. చూసిందన్నమాట. పోవద్దంటే నేను విననని కూడా తెలుసు.

చప్పుడు కాకుండా డబ్బా మూసేశాను.

"ఏందయ్యా, పంక్చర్ దొరికిందా?"

"దొరికింది. పెద్దదే. ఇగ ఇయ్యాల పోను."

"మంచిగైంది. జెర కూసో, చాయ్ తెస్త."

రేపు దవాఖానకు పోదామని నేనే అంటాను. మూతలు మాత్రం అడగను.