సహజ పద్ధతిలో మొదటి నెల

జూన్ 1, సోమవారం. ఉ. 5:40
97.3. మొదలుపెట్టేశాం!
కొత్త థర్మామీటర్, బడి నుంచి తెచ్చుకున్న గ్రాఫు కాగితం, ఎర్ర పెన్సిలు, పచ్చ పెన్సిలు. లెక్కల టీచర్ని, పదిహేనేళ్ళుగా పిల్లల చేత గ్రాఫులు గీయిస్తున్నదాన్ని. నాకిదో లెక్కా!
ఎందుకు మొదలెట్టానో కూడా రాసుకోవాలి. చంటాడి కాన్పులో ఆరు సీసాల రక్తం ఎక్కించారు. "ఇంకో రెండేళ్ళ దాకా నెల తప్పావంటే నా దగ్గరికి రాకు, నేను చూడలేను" అంది డాక్టరమ్మ. మాత్రలు, నిరోధ్ ప్యాకెట్లు మా క్యాథలిక్ శ్రీసభ ఒప్పుకోదు. సహజ పద్ధతి ఒప్పుకుంటుంది. జ్వరం చూసుకున్నట్టే రోజూ ఒంటి వేడి చూసుకోవాలి. వేడి పెరిగి మూడు రోజులు నిలిస్తే ఇక గర్భం రాని రోజులు, పచ్చ. అందాకా ఎరుపు.
నియమాలు:
1. కళ్ళు తెరవగానే, లేవకుండా, మాట్లాడకుండా చూసుకోవాలి.
2. వెంటనే చుక్క పెట్టాలి.
3. ఎర్ర రోజుల్లో మధ్యలో చంటాడు పడుకుంటాడు.
4. సాకులు లేవు.
పెళ్ళి కుదిరిన జంటలకి జూలై 12న గుడిలో క్లాసు. 'అనుభవం ఉన్న దంపతులు'గా మేం మాట్లాడాలట. ఫాదర్ గారు అడిగారు. అనుభవం మొదలై ఇరవై నిమిషాలైంది. సరేనన్నా.

జూన్ 4, గురువారం
97.3.
"ఇవాళ ఏం రంగు?" అన్నారు ఆయన, టిఫిన్ డబ్బా సర్దుకుంటూ. ఆయన లిఫ్టు మెకానిక్. ఆయన లోకంలో ఎరుపంటే ఆగాలి, పచ్చంటే ఎక్కొచ్చు.
"ఇంకా తేల్లేదు."
"తేలనిదానికి రంగు లేదా?"
రెండే పెన్సిళ్ళు తెచ్చాను, తేలేదాకా ఎరుపేనన్నాను.

జూన్ 7, ఆదివారం
97.2. పూజ అయ్యాక ఫాదర్ గారితో కూర్చున్నాం. దేవుడు ప్రతిదానికీ ఒక ప్రయోజనం పెట్టి చేశాడు, దంపతుల కలయికలో ప్రేమనీ ప్రాణాన్నీ ముడివేశాడు, ఆ ముడి మనం విప్పకూడదు అని చెప్పారు.
"లిఫ్టులో బ్రేకు కూడా డిజైన్లోదే కదా ఫాదర్?" అన్నారు ఆయన.
"అదేనయ్యా సంయమనం."
నేను అందుకున్నా. "గ్రాఫు చూసి ఆగినా, మాత్ర వేసుకున్నా, బిడ్డ వద్దనే కదా ఫాదర్? తేడా ఏముంది?"
"అనుకున్నది ఒకటే కావచ్చమ్మా. చేసే పని వేరు. మాట్లాడకుండా ఊరుకోవడం వేరు, అబద్ధమాడటం వేరు."
బాగుంది. క్లాసులో చెప్పొచ్చు.

జూన్ 9, మంగళవారం
97.2. ఎరుపు. ఆయన బుద్ధిగానే ఉన్నారు. తలుపు కీచుమనడం మానేసింది. కుళాయి కారడం మానేసింది. ఇస్త్రీపెట్టె బతికింది. మా ఇంట్లో చెడిపోయినవి అయిపోయాక పక్కింటికి వెళ్ళారు.

జూన్ 11, గురువారం
107! నడిపిది థర్మామీటర్ని టీలో ముంచింది. మళ్ళీ చూస్తే 98.6. రాత్రంతా చంటాడు నిద్రపోనివ్వలేదు కాబట్టి అదీ చెల్లదు.
బీరువా తలుపు మీద అంటించిన గ్రాఫు అత్తయ్య చూసేశారు.
"ఎవరికే ఈ జ్వరం?"
"నాకే అత్తయ్యా."
"పది రోజుల నుంచా! వాడికి చెప్పావా?"
"ఆయనకి తెలుసు."
"తెలిసే పక్కింటి ఫ్యాను బాగుచేస్తున్నాడా!"
సాయంత్రం ఆయనకి నా ముందే గంట సేపు చీవాట్లు. నేను రగ్గు కప్పుకుని పడుకోవాల్సి వచ్చింది.

జూన్ 14, ఆదివారం
97.3. ఎరుపు. ఆయన టూల్ బాక్సులో ఒక ప్యాకెట్ కనబడింది. వీధి చివర మందుల షాపాయన గుడిలో పాటలు పాడిస్తాడు, అందుకని రెండు స్టాపుల అవతలికి వెళ్ళి కొన్నారట.
"వాడమని కాదు. ఉంటే ధైర్యం."
"నియమం నియమమే."
"నీ ప్రాణం గురించే తెచ్చాను" అన్నారు. ఆ మాటకి కోపం తెచ్చుకున్నా.

జూన్ 16, మంగళవారం
97.8!! పెరిగింది! ఇంకో రెండు రోజులు నిలవాలి.

జూన్ 17, బుధవారం
97.4. నిలవలేదు. లెక్క మళ్ళీ మొదటికి. రెండు రోజులుగా ఇద్దరి మధ్యా "ఉప్పు", "తాళాలు" తప్ప మాటల్లేవు. ఫాదర్ గారన్నట్టు, అబద్ధమైతే ఒక్కటీ లేదు.

జూన్ 18, గురువారం
ఆలస్యంగా లేచా. అంచనాగా 97.7 వేశాను. అంచనా కూడా గణితమే.

జూన్ 19, శుక్రవారం. సా. 5:10
మా పెళ్ళిరోజు. తొమ్మిదేళ్ళు. ఉదయం థర్మామీటర్ దొరకలేదు.
ఆయన పెందలాడే వచ్చారు. అత్తయ్య ముగ్గురు పిల్లల్నీ పార్కుకి తీసుకెళ్ళారు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.
ఆయన బీరువా దగ్గర నిలబడి, "ఇవాళ?" అన్నారు.
పచ్చ చుక్క పెట్టాను.
"నిజంగా పచ్చేనా?"
"పచ్చే."

జూన్ 25, గురువారం
చూసుకోలేదు. చూసుకుని ఏం చేయాలి? తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల కొలవకుండానే గ్రాఫు గీసింది. సున్నా వేశాను. తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని నెలసరి ఏ రోజు రావాలో వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆరు సీసాలు.

జూన్ 27, శనివారం
చెప్పేశాను. ఆయన బూట్లు తుడుచుకుంటున్నారు.
"ఆ రోజు పచ్చ కాదు. అసలు చూడనే లేదు."
తుడవడం ఆపలేదు. తుడిచిన బూటే మళ్ళీ తుడిచారు.
"నిజం చెప్పి ఉంటే ఆగేవాణ్ణి" అన్నారు చివరికి. "నీకేమన్నా అయితే ఆ గ్రాఫు పట్టుకుని పిల్లలకి ఏం చెప్పను?"
తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 28, ఆదివారం
పాపసంకీర్తనం. ఫాదర్ గారి ముందు తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళాను.
"కొలవకుండానే గ్రాఫులో పచ్చ చుక్క పెట్టాను ఫాదర్."
"బడిలోనా అమ్మా?"
"బీరువా మీద."
ఫాదర్ గారికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "భార్యాభర్తలు కలవడం పాపం కాదు తల్లీ."
"తెలుసు ఫాదర్. నేను ఆయనకి అబద్ధం చెప్పాను. ప్రాణం మీదకొచ్చే విషయంలో." తర్వాత టూల్ బాక్సులో ప్యాకెట్ సంగతి అడిగాను.
"నియమం మార్చే అధికారం నాకు లేదమ్మా. నీకేం కాకూడదని ప్రార్థించగలను."
"మరి పన్నెండో తారీకు క్లాసు? వేరేవాళ్ళని చూసుకోండి ఫాదర్."
"మీరే రండి. ఆ పచ్చ చుక్క గురించి చెప్పండి."

జూలై 1, బుధవారం
రెండు రోజులు ఆలస్యం. ఆయన చంటాణ్ణి ఎత్తుకుని అన్నం వండారు.

జూలై 3, శుక్రవారం. ఉ. 6:15
వచ్చింది!!
బాత్రూము తలుపు తీసి "వచ్చింది" అన్నాను. ఆయన గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయారు. పక్కన కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే, చాలావరకు. మిగతాది ఏమిటో నాకే తెలియదు.
అత్తయ్య వచ్చి చూసి, "జ్వరం తగ్గిందా?" అన్నారు.
తగ్గిందన్నాను.

జూలై 4, శనివారం. ఉ. 5:40
కొత్త కాగితం. మళ్ళీ మొదలు! ప్యాకెట్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
నియమం ఒక్కటే: అంకె చదివేది, చుక్క పెట్టేది ఆయన.
5:52. ఆయన లేవలేదు. నేను మాట్లాడకూడదు. మోచేత్తో పొడిచాను.
97.4. కళ్ళు సగం మూసుకునే పెట్టారు చుక్క. గడి దాటి, శనగగింజంత. నేను దిద్దలేదు.