తూర్పు వాకిలి గుడారం

సుగుణా, నీవు పోయాక మొదటిసారి గుట్ట మీద పడుకున్నాం. తెలంగాణ కోసం సమ్మె జరుగుతోంది, కోరుట్లలో బస్సు కదలడం లేదు. ఇశ్రాయేలీయుల ఎడారి ప్రయాణానికి గుర్తుగా ఏటా గుట్ట మీద గుడారం వేసి చేసే పర్ణశాలల పండుగ ఈసారి ఇంట్లోనే చేద్దామన్నాను. మన బిడ్డ రూతు ఊరుకోలేదు.

"ఇశ్రాయేలోళ్లు బస్సుల పోయిండ్రా బాపూ? చర్చిల అయితే నడువుండ్రని గట్టిగ చెప్తవు."

నీవు సిరిసిల్ల గుడ్డతో కుట్టిన గుడారాన్ని చుట్టి, చెరో కొస భుజాన వేసుకుని మల్లాపూర్ అవతలి గుట్ట దాకా నడిచాం. దారిలో సమ్మెవాళ్లు ఆపారు.

"గీ టెంటు ఏ శిబిరానికే అన్నా?"

"మోషే శిబిరానికి," అన్నాను. నవ్వి వదిలారు.

మోషే ఎడారిలో దేవునికి వేసిన ప్రత్యక్ష గుడారంలాగే వాకిలి తూర్పుకే ఉండాలని ఎప్పటిలా పట్టుబట్టాను. వాన జల్లు తూర్పు నుంచే కొడుతోంది. రూతు తూర్పుకే మేకులు కొట్టింది. "ప్రార్థన చెయ్యి బాపూ," అంది.

కళ్లు మూసుకుని ఇశ్రాయేలీయుల నలభై ఏళ్ల ప్రయాణాన్ని ఐగుప్తు నుంచి మొదలుపెట్టాను. ఎర్రసముద్రం దాటేసరికి, వాకిలి పడమటికి తిప్పడానికి మేకులు పీకుతున్న చప్పుడు వినిపించింది. ఏటా నా ప్రార్థనలో నీవు చేసే చప్పుడే. బిడ్డ చేతికి నీ వేగం ఇంకా రాలేదు.

అందుకే ఆమేన్ అనకుండా ప్రార్థనను యొర్దాను నది దాకా సాగదీశాను.